సేటు పెట్టిన జమ్మి

మా మేనమామ గురించి మంచిగా నాలుగు మాటలు రాయమని మా ఇంట్లో అంటూ ఉంటారు. పోయినవాడి మీద ఇంకా కోపమెందుకంటారు. నాకు కోపం పోలేదు, ఏం చేయమంటారు? పోయినట్టు నటించడం నాకు చేతకాదు.

పోలీసు చర్య జరిగి కొన్నేళ్లే అయింది. ఆదిలాబాదు ఇంకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉంది. మా దిక్కు నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. బాపు నా పసితనంలోనే పోయాడు. అవ్వా నేనూ ఊరి చివర ఒక పత్తి మిల్లులో జిన్ను పని చేసేవాళ్లం. జిన్నంటే పత్తిలోంచి గింజను వేరుచేసే యంత్రం. దాని ముందు ఆడవాళ్లం వరసగా కూర్చుని పత్తి అందిస్తూ ఉండాలి. ముక్కులో దూది, నోట్లో దూది, జుట్టంతా దూది. సాయంత్రం ఇంటికొస్తే అవ్వా నేనూ ఒకరి తల ఒకరం దులుపుకొని నవ్వుకునేవాళ్లం. నేను పద్దెనిమిదేళ్లకే ముసలిదాన్నయ్యానని అవ్వ ఎగతాళి చేసేది.

ఆ పని ఏడాది పొడుగునా ఉండదు. దసరా దాటి చేలల్లో పత్తి ఏరడం మొదలయ్యాక మిల్లు భోంగ, అంటే సైరను, మోగుతుంది. ఎండలు ముదిరేసరికి మిల్లు ఆగిపోతుంది. మళ్లీ భోంగ మోగిన రోజున అందరం గేటు ముందు నిలబడాలి. కూలివాళ్లను ఎంచుకునే జమేదారు చెయ్యి చూపించినవాళ్లే లోపలికి. మిగతావాళ్లను పనిలోంచి తీసేశారని అనడానికి కూడా లేదు. పిలవలేదు, అంతే. దాని మీద ఎవరికి మొర పెట్టుకోవాలో కూడా ఎవరికీ తెలియదు.

మా పక్క జిన్ను మీద కూర్చునే ఒకామె వేళ్లు ఒకసారి యంత్రంలో పడి నలిగిపోయాయి. మరుసటి ఏడు ఆమె కూడా వచ్చి గేటు ముందు నిలబడింది. జమేదారు చూపు ఆమె మీదుగా జారిపోయింది. ఎందుకు పిలవలేదని అవ్వ అడిగితే, చేతులు మంచిగున్నోళ్లే మస్తుగున్నరు అన్నాడు. ఆ మాటను అవ్వ వదిలిపెట్టలేదు. ఆ ఏడంతా జిన్నుల మధ్య అదే మాట. చేతులిచ్చింది మిల్లుకే కదా, మిల్లే కాదంటే ఆమె ఎక్కడికి పోతుందని ఎవరు దొరికితే వాళ్లను అడిగేది.

ఆ ఎండాకాలంలోనే మంచిర్యాల వైపు నుంచి ఒక సంఘం మనిషి సైకిలు మీద మా వాడకు వచ్చాడు. కూలివాళ్లు సంఘం పెట్టుకోవచ్చనే చట్టం మన దిక్కు కూడా వచ్చిందని, సంఘంలో చేరవద్దనే హక్కు మిల్లు సేటుకు లేదని చెప్పాడు. మాకు నవ్వొచ్చింది. సేటుకు హక్కు లేనిది కూడా ఒకటుందా అని. అవ్వ మాత్రం నవ్వలేదు. ఇల్లిల్లూ తిరిగి జిన్ను ఆడవాళ్లందర్నీ పోగేసింది. మేం అడిగింది ఒకే ఒక్కటి. పోయినేడు పనిచేసినవాళ్లను ఈ ఏడు కూడా ముందుగా పిలవాలి. ఆ తర్వాతే కొత్తవాళ్లు. అది దొరికితే గేటు ముందు బిచ్చగాళ్లలా నిలబడే గతి తప్పుతుంది.

సంఘానికి పెద్దగా ఎవరిని పెట్టాలనే మాట వచ్చినప్పుడు అందరూ మా మామ పేరే చెప్పారు. అవ్వకు తమ్ముడు. మిల్లులో దూది బేళ్లు కట్టే ప్రెస్సు మీద పనిచేసేవాడు. ఉర్దూ మంచిగా మాట్లాడేవాడు, ఆఫీసర్ల ముందు తడబడేవాడు కాదు. బాపు పోయాక మా ఇంటికి పెద్ద దిక్కు ఆయనే. నాకు జ్వరం వస్తే భుజాన వేసుకొని దవాఖానకు నడిచింది ఆయనే. మా తమ్ముడుండంగ మాకేం ఫికర్ అని అవ్వ వాడంతా చెప్పుకునేది. ఆమె ముఖం అప్పుడు చూడాలి, ఎంత వెలిగిపోయేదో!

లేబర్ ఆఫీసుకు అర్జీ పోయింది. దసరా దాటాక ఆఫీసరే మిల్లుకు వచ్చి కూలివాళ్లనే స్వయంగా అడుగుతాడని కబురొచ్చింది. సేటుకు కూడా ఆ కబురు అందింది.

దసరాకు ముందురోజు మిల్లులో ఆయుధపూజ. యంత్రాలకు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, మాకు పేడాలు పంచారు. అంతకుముందు ఏ ఏడూ పేడాలు లేవు, పుట్నాలు బెల్లమే. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. సేటు బేళ్ల మీద జంపఖానా పరిపించుకొని కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎన్నడూ మాతో నేరుగా మాట్లాడని మనిషి, ఆ రోజు వచ్చీరాని తెలుగులో ఎంత తీయగా మాట్లాడాడో! మీరు బిడ్డలు, నేను తండ్రిని అన్నాడు. తండ్రి మీద బిడ్డలు దావా వేస్తారా అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా. సంఘం పెట్టుకోండి, నేను కాదనను, సర్కారు ఇచ్చిన హక్కది అన్నాడు. ఆ తర్వాత అసలు మాట మెల్లగా బయటికొచ్చింది. వార్ధా దిక్కు ఆయన బావమరిదికి పెద్ద మిల్లు ఉందట. పత్తి బండ్లు పెన్‌గంగ నది దాటి అటు పోవడానికి ఎంతసేపట. పరాయివాళ్లు వచ్చి తన ఇంటి పెత్తనం చేస్తే, ఆ ఇంటికి తాళం వేసుకోవడమే నయమట.

బెదిరించాడని ఎవరూ వేలెత్తి చూపలేరు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు కదా! కానీ మిల్లు మూతపడితే ఏం తింటామని ఆడవాళ్లు దారి పొడుగునా గొణుక్కుంటూనే ఉన్నారు. అవ్వ ఒక్కతే చేతిలోని పేడాను కుక్కకు వేసింది. గింత తీపి మాట్లాడిండంటే మనకు భయపడ్డట్టే, గట్టిగ నిలబడుండ్రి అంది. ఆమె అలా అన్నాక మాకూ కాస్త ధైర్యం వచ్చింది.

తెల్లారి దసరా. మా దిక్కు దసరా అంటే జమ్మే. ఊరు దాటి పోయి, జమ్మిచెట్టుకు మొక్కి, ఆకు తెంపుకొస్తాం. దాన్ని బంగారం అంటాం. చిన్నవాళ్లు పెద్దవాళ్ల దగ్గరికి పోయి చేతిలో పెట్టి కాళ్లు మొక్కాలి. సమానమైనవాళ్లు ఒకర్నొకరు కావలించుకొని అలాయ్ బలాయ్ తీసుకోవాలి. ఏడాదంతా గట్టు తగాదాలతో తలలు పగలగొట్టుకున్నవాళ్లు కూడా ఆ పూట జమ్మి పెట్టుకుంటే కోపం విడిచిపెట్టాల్సిందే. జమ్మి తీసుకున్నాక పాత తకరారు మళ్లీ ఎత్తిన మనిషిని మా వాడలో మనిషిలా చూసేవాళ్లు కాదు.

సాయంత్రం మా వాకిట్లో గోల వినిపిస్తే బయటికొచ్చాను. సేటు! తెల్లని ధోతి కట్టుకొని, చేతిలో జమ్మి పట్టుకొని, మా బురద గల్లీలో నడిచి వస్తున్నాడు. వెనక ఒక అడుగు దూరంలో మా మామ. దారి చూపడానికి వచ్చాడనుకున్నాం. సేటు నేరుగా మా అవ్వ ముందుకొచ్చాడు. ఆమె చేతిలో జమ్మి పెట్టి, వంగి ఆమె కాళ్లు ముట్టుకున్నాడు. అవ్వ రెండడుగులు వెనక్కి వేసింది. వాడంతా నోళ్లు తెరిచి చూస్తోంది. మిల్లు మనిషి, మేడ మనిషి, దూది దులుపుకునే ముండమోపి కాళ్లు ముట్టుకోవడమేమిటి!

అవ్వ తేరుకొని సూటిగానే అడిగింది. "పోయినేడు జేసినోళ్లందర్నీ పిలుస్తవా సేటు?"

"ఒక్కర్ని గూడ ఇడువ బాయీ," అన్నాడు. "జమ్మి పట్టుకొని చెప్తున్న."

ఆ తర్వాత మామకూ ఆయనకూ అలాయ్ బలాయ్ అయింది. మామ మాతో కూడా అలాయ్ బలాయ్ తీసుకున్నాడు. నన్ను దగ్గరికి తీసుకొని తల నిమిరాడు. అవ్వ ఏడ్చింది. ఏడాదిగా మోసిన బరువు దిగిపోయినట్టు ఏడ్చింది. ఆ రాత్రి ఆమె నిద్రలో గురక పెట్టడం విని నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

సంఘం మనిషి మర్నాడు సైకిలు తొక్కుకుంటూ వచ్చి తల పట్టుకున్నాడు. సంతోషమే అమ్మా, కాని ఆ మాటే కాగితం మీద రాసివ్వమనండి అని బతిమాలాడు. అవ్వకు చిర్రెత్తుకొచ్చింది. జమ్మి పెట్టినంక కాయితం అడుగుతరా, మేం మనుషులమేనా అంది. మామ పక్కనుండి, నిజమే అక్కా, అది మర్యాద కాదు అన్నాడు. ఊరి పద్ధతి తెలియనివాడని సంఘం మనిషిని మేమే చిన్నబుచ్చి పంపేశాం. పాపం, మజ్జిగ కూడా తాగకుండా పోయాడు.

ఆఫీసరు వచ్చాడు. మిల్లు వరండాలో కుర్చీ వేసుకొని, అందర్నీ కూర్చోబెట్టి, మీకేం తకరారులున్నాయో భయం లేకుండా చెప్పండి అన్నాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు. సేటును అవతలికి పొమ్మని కూడా చెప్పాడు. ముందు మామ లేచాడు. ఏ తకరారూ లేదు సాబ్, మేం మేం మాట్లాడుకున్నాం అన్నాడు. ఆఫీసరు ఆయన్ని వదిలేసి ఆడవాళ్ల వైపు తిరిగాడు. అర్జీలో మొదటి పేరు నీదే కదా, నువ్వు చెప్పమ్మా అని మా అవ్వను అడిగాడు. అవ్వ మామ వైపు చూసింది. మామ తలూపాడు.

"మాట ఇచ్చిండు సారు," అంది అవ్వ. "మాట మీదుంటడు."

ఆఫీసరు ఇంకొంచెంసేపు ఆగి చూశాడు. ఎవరూ నోరు విప్పలేదు. ఇక ఆయన మాత్రం ఏం చేస్తాడు, లేచి జీపెక్కాడు.

కొన్నాళ్లకు భోంగ మోగింది. గేటు దగ్గర పాత జమేదారు లేడు. ఖాకీ కోటు వేసుకొని మా మామ నిలబడి ఉన్నాడు. మొదట మాకు పట్టరాని సంతోషమైంది. మనవాడే జమేదారయ్యాడు, ఇంకేం కావాలి! అవ్వ కొంగు బిగించి అందరికన్నా ముందుకు పోయింది. మామ చెయ్యి చూపించడం మొదలుపెట్టాడు. నువ్వు, నువ్వు, నువ్వు. అవ్వతో కలిసి ఇల్లిల్లూ తిరిగిన ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ చెయ్యి పక్కకు పోయింది. ఎవరో కొత్తవాళ్లు, పక్క పల్లెల పిల్లలు, లోపలికి పోతున్నారు. మామ నా వైపు చెయ్యి చూపించాడు. అవ్వ వైపు చూపించలేదు.

అవ్వ కదల్లేదు. గుంపు పలచబడేదాకా అక్కడే నిలబడింది. ఆ తర్వాత దగ్గరికి పోయి, ఇంట్లో మాట్లాడినంత మెల్లగా అడిగింది.

"తమ్మీ, నన్ను మర్సినవా?"

"సేటు వద్దన్నడక్కా. నేనేం జేతు?"

"ఎప్పుడన్నడు?"

మామ కోటు గుండీలు సవరించుకున్నాడు.

"చెప్పు. జమ్మి వెట్టకముందన్నడా, వెట్టినంకనా?"

మామ నా ముఖం చూశాడు, అవ్వ ముఖం చూడలేకపోయాడు. "ముందే," అన్నాడు.

ముందే! అంటే ఆ సాయంత్రం మా గల్లీలో సేటు వెనక నడుస్తున్నప్పుడు ఆయనకు తెలుసు. అవ్వ వెక్కివెక్కి ఏడుస్తుంటే తెలుసు. నా తల నిమిరినప్పుడు తెలుసు. ఆఫీసరు ముందు అవ్వకు తలూపినప్పుడు తెలుసు. సేటు మోసం చేశాడంటే అది సేటు పని, ఎక్కడి మనిషో, ఎవరి వాడో. ఒక తల్లి కడుపున పుట్టినవాడు నమ్మించి గొంతు కోస్తే ఏమని చెప్పుకోవాలి? అరవాలనిపించింది. ఆ కోటు పట్టుకొని చింపాలనిపించింది. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నువ్వు లోపలికి పో బిడ్డా," అంది. నేను పోనన్నాను. అవ్వ నా భుజం పట్టి గేటు వైపు నెట్టింది. "ఇద్దరం బయట కూసుంటే పొయ్యి ఎట్ల మండుతది? పో."

అవ్వ మళ్లీ ఆ గేటు ముందుకు రాలేదు. పత్తి ఏరే కూలికి చేలల్లోకి పోయింది. ఆమె ఏరిన పత్తి బండ్లకెక్కి మా మిల్లుకే వచ్చేది, నేను దాన్ని జిన్నుకు అందించేదాన్ని. సంఘం ఊసు ఇంకెవరూ ఎత్తలేదు.

నేను ఆ సీజనంతా మా మామ చేతికింద పనిచేశాను. ఒక్కనాడూ మామా అని పిలవలేదు. ఏదైనా అడగాల్సి వస్తే, జమేదారు సాబ్ అన్నాను. మొదట్లో ఆ పిలుపుకు ఆయన తల దించుకొని పక్కకు పోయేవాడు. సంక్రాంతి దాటేసరికి పలకడం అలవాటు చేసుకున్నాడు.