పొగాకు సీసాలో ఇటుక ముక్క

మా ఇంట్లో పొగాకుకు చోటు ఉండేది కాదు. అది నా భార్య పెట్టిన నియమం, పెళ్లయిన కొత్తలోనే పెట్టింది. నాకు అప్పటికి బీడీ, చుట్ట, వక్కాకు ఏ అలవాటూ లేదు గనుక సరేనన్నాను. ఆ నియమం వల్ల ఎవరికి నష్టమో తర్వాత తెలిసింది.

నా భార్య మా మేనత్త కూతురే. అత్తది గుడియాత్తం. ఆ ఊళ్లో చాలా ఇళ్లలో మాదిరే అత్త కూడా బీడీలు చుట్టేది. ఒడిలో చాట, చాటలో కత్తిరించిన ఆకు, పొగాకు పొడి, దారపు ఉండ. మాట్లాడుతూనే చుట్టేది, పోట్లాడుతూనే చుట్టేది. నా భార్య చిన్నప్పుడు బడినుంచి రాగానే ఆ చాటకు అవతలి వైపు కూర్చుని తల్లికి సాయం చేసేది. బడిలో పక్కన కూర్చునే పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లట. ఈ సంగతి నాతో ఒక్కసారే చెప్పింది, అదీ వేరే ఏదో మాట మధ్యలో.

మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు అత్త వేలూరులో మా ఇంటికి వచ్చి బిడ్డను ఎత్తుకోబోయింది.

"చేతులు కడుక్కో మా," అంది నా భార్య.

అత్త పెరట్లోకి పోయి సీకాయతో రుద్దుకుని వచ్చింది. మళ్లీ చేతులు చాచింది.

"ఇంగా వస్తావుండాది వాసన."

అత్త చాచిన చేతులు వెనక్కి తీసుకుంది. కొంగుతో చేతులు తుడుచుకుని, మంచం పక్కన నిలబడి దూరంనుంచే బిడ్డను చూసింది. ఆ రోజునుంచి ఆమె మా ఇంటికి వస్తే పొద్దుటి బస్సుకు రావడం, సాయంత్రం బస్సుకు పోవడం. రాత్రి ఉండేది కాదు. మామ పోయి ఒంటరిదయ్యాక కూడా అంతే. ఉండిపో అత్తా అంటే, "కోళ్లుండాయి నాయనా, ఎవురు మూస్తారు వాట్ని?" అనేది. ఆమెకు కోళ్లు లేవని మా అందరికీ తెలుసు. మాకు తెలుసని ఆమెకూ తెలుసు. నా భార్య ఆ మాట వచ్చినప్పుడల్లా వంటింట్లోకి పోయేది. తల్లిని ఉండమని నోరు తెరిచి అడగాలని ఆమెకు ఉండేది. ఏ ముఖంతో అడగాలో తెలిసేది కాదు.

ఇలా ఏళ్లు గడిచాయి. నేను మేస్త్రీల ఇంట్లో పుట్టినవాణ్ణి. పదో తరగతితో చదువు ఆపినా, గోడకు ఇటుకలెన్ని, స్లాబుకు కడ్డీ ఎంత, సిమెంటెంత అని అంచనా కట్టడం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాను. వేలూరి పక్క సత్తువాచారిలో కొత్త ఇళ్లు వరసగా లేస్తున్న కాలం అది. అప్పుడే అంగళ్లలో విదేశీ సరుకు బాహాటంగా కనిపించడం మొదలైంది. అంతకు ముందు అలాంటివి కావాలంటే మద్రాసులో ఎవరినో పట్టుకోవలసి వచ్చేది. ఓడల్లో పనిచేసి వచ్చిన ఒకాయనకు ఇంటి అంచనా కట్టిచ్చాను. ఇల్లు పూర్తయ్యేసరికి మిగిలిన ఇటుకలు ఒక చిన్న తులసికోటకు మాత్రమే సరిపోయాయి. దానికి ఆయన మురిసిపోయి, గృహప్రవేశం నాడు తన పాత పైపూ, సగం వాడిన పొగాకు డబ్బా నా చేతిలో పెట్టాడు. "నువ్వు లెక్క చేసేటప్పుడు పెన్సిలు కొరుకుతావు. దీన్ని కొరుక్కో," అన్నాడు.

దాచకుండా తెచ్చి భార్యకు చూపించాను. ఆమె డబ్బా మూత తీసి వాసన చూసింది.

"ఇది పొగాకా? కేకు మాదిరి ఉండాదే!"

"ఆమా. కిస్‌మిస్ వేసినట్టుంది."

"సరి. మిద్దె మీద తాగు బావా, కింద కాదు." మూత బిగించి డబ్బా నా చేతికిచ్చింది. "అమ్మకు మాత్రం తెలియనీయొద్దు. నా వాసన వద్దనె, మొగుడి వాసన ముద్దాయెనా అనుకుంటాది."

ఆమె అన్నది నిజం. పైపు చేతిలోకి వచ్చిన ఆనందంలో సగం అక్కడే తగ్గింది.

మిగతా సగం ఎండలు తగ్గించాయి. మే నెల కత్తిరి ఎండల్లో వేలూరు ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. డబ్బాలో మెత్తగా ఉన్న పొగాకు కొద్ది రోజుల్లోనే చేత్తో తాకితే గలగలమంది. వెలిగిస్తే నాలుక మండింది. నేను ఆలోచించాను. పచ్చి స్లాబు ఎండకు పగలకుండా ఏం చేస్తాం? తడి గోనెపట్టలు కప్పి నీళ్లు పడతాం. ఎంత తడి ఉంటే అంత బలం. అదే న్యాయంతో డబ్బా మూత తీసేసి, దాని చుట్టూ, పైనా తడి గోనెపట్ట చుట్టి, పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లాను. నా వృత్తిలో ఏనాడూ తప్పని పద్ధతి అది. వారం తిరిగేసరికి పొగాకు మీద తెల్లటి నూగు మొలిచింది. ఓడలాయన ఇచ్చినదంతా చెత్తలో పోయింది.

కొత్తది కొనడానికి వేలూరు బజారులో ఒక అంగడికి పోయాను. అంగడాయన రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి సంచి విప్పకముందే తియ్యగా ఘుమఘుమలాడింది. రెండోది నల్లగా, ముతకగా, ఎండుగడ్డి వాసనతో ఉంది.

"కొత్తగా తాగేవాడివా అన్నా?"

"అవును."

"అయితే తియ్యది అడుగుతావు. అందరూ మొదట అదే అడుగుతారు."

"మంచిది కాదా?"

"వాసన పక్కింటోళ్లకు, మంట నీకు! తియ్యది తడెక్కువ, గబగబా లాగితే నాలిక పోతాది. ఈ నల్లది మొరటుగా కనపడతాది గానీ నిదానస్తుడు. నువ్వే చూసుకో."

ముక్కును నమ్మాలో ఆయన్ను నమ్మాలో తెలియక రెండూ కొన్నాను. ఇంటికొచ్చి సున్నానికి ఇసుక కలిపినట్టు పాళ్లు మార్చి చూశాను. ఒకటికి ఒకటి అయితే తీపి ముందుకొచ్చి గొంతులో జిగటగా ఆగింది. నల్లది మూడు పాళ్లు, తియ్యది ఒక పాలు కలిపితే కుదిరింది. ఆ పాళ్లు ఈనాటికీ మార్చలేదు. మూత బిగువుగా పట్టే గాజు సీసా ఒకటి సంపాదించి, పొగాకు దాని నోటిదాకా వచ్చేలా నింపాను; లోపల గాలి ఎంత తక్కువైతే ఎండడం అంత తక్కువని నా లెక్క. అయినా నల్లదాని ఎండూ తియ్యదాని తడీ సరిగా కలవలేదు. పైన ముద్దగా, అడుగున పొడిగా ఉండేది.

ఒకరోజు పొద్దున ఆ సీసా ముందు పెట్టుకుని మిద్దె మీద కూర్చుని ఉన్నాను. అత్త ఆ రోజు వస్తుందని మాకు తెలియదు. మిరపకాయలు ఎండబెడతానని చాట పట్టుకుని పైకి వచ్చింది.

"దాచొద్దులే నాయనా," అంది. నేను సీసాను వెనక్కి జరిపినా ఆమె చూపు దాని మీదే ఉంది. "మెట్ల కాడే తెలిసె. ఏందది, యాడ పట్టినావు?"

పైపు చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంత పెద్ద గొట్టానికి ఇంత బుడ్డి నోరా! దీంట్లో పెట్టే పొగాకుతో నేను బీడీలు చుట్టిస్తే మీ మేస్త్రీలంతా తాగుదురు." సీసాలో చెయ్యి పెట్టి చిటికెడు తీసింది. "అయ్యో, దీనికి నీళ్లు పట్టింది ఎవురు?"

"ఎవరూ పట్టలేదు అత్తా. అది రావడమే అలా వచ్చింది."

"తడి పొగాకు పెట్టినామంటే బీడీ మధ్యలో చచ్చిపోతాది. నానబెట్టేది ఆకును, పొగాకును కాదు. ఇటు తే."

మిరపకాయలు పక్కన కుప్పగా పోసి, సీసాలోది అంతా చాటలోకి దులిపి, ఎండలో పరిచి, వేళ్లతో విడదీస్తూ కూర్చుంది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆమె మా ఇంట్లో కాళ్లు చాపుకుని తీరిగ్గా కూర్చోవడం అదే. ఏదో పాత సంగతి చెబుతూ నవ్వుతోంది కూడా. అప్పుడే నా భార్య కాఫీ తీసుకుని పైకి వచ్చింది.

అత్త చేతులు ఆగిపోయాయి. చాటను ఒడిలోంచి దించేసింది.

"నాది కాదు పాపా. నీ మొగుడిది," అంది.

నా భార్య లోటాలు గోడ మీద పెట్టి దిగిపోయింది. అత్త చేతులను కొంగుకేసి తుడుచుకుంది. తర్వాత వాసన చూసుకుని మళ్లీ తుడుచుకుంది.

"మజ్జానం బస్సుకే పోతా నాయనా."

"అన్నం తిని పో అత్తా. పొగాకు ఎండేదాకా అయినా ఉండు."

ఎండింది. ఎండడమంటే మామూలుగా కాదు, చాటలో పట్టుకుంటే పొడైంది. పైపులో పెట్టి వెలిగించాను. రెండు పీల్పులకే నోట్లో మిరపకాయ కొరికినట్టయి కళ్లనీళ్లు వచ్చాయి. అంతసేపూ ముడుచుకుని ఉన్న అత్త పకపకా నవ్వింది.

"నీ మొగం చూడు! చంటిబిడ్డకు చేదు మందు పోసినట్టుండాది!"

"నువ్వు బీడీ లెక్క చూశావు. నేను స్లాబు లెక్క చూశాను. ఇది రెండూ కాదత్తా."

"మరేంది?"

అప్పుడు తట్టింది. గోడ కట్టే ముందు ఇటుకను నానబెడతాం. బుడగలు ఆగేదాకా నీళ్లలో ఉంచి, తీసి, పైతడి ఆరనిస్తాం. పైన పొడిగా కనిపిస్తుంది, లోపల నీళ్లు పట్టుకుని ఉంటుంది, మెల్లగా వదులుతుంది. కింద కనియంబాడి బట్టీ ఇటుకలు కొన్ని ఉన్నాయి. ఒకదాన్ని కొట్టి రేగుపండంత ముక్క తీసి, నానబెట్టి, గుడ్డతో ఒత్తి, పైతడి ఆరాక సీసాలో పొగాకు మధ్యన పెట్టాను. మూత బిగించాను.

"రేప్పొద్దున తీసి చూడాల," అంది అత్త, సీసాను వెలుతురుకు పట్టి. "చిటికెడు తీసి పిసికి వదులు. ముద్దగా ఉండిపోతే తడెక్కువ, ఇటిక తీసెయ్. చిటపటమంటే చాల్లేదు. మెల్లగా విచ్చుకుంటే సరి."

"నా వేళ్లు సిమెంటు వేళ్లత్తా. నాకేం తెలుస్తుంది?"

"తెలీకపోతే అడుగు ఎవుర్నన్నా," అని లేచి సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది.

సాయంత్రం బస్సుకు బయల్దేరి గుమ్మందాకా వచ్చింది. నేను సీసా తెచ్చి వాకిట్లో బల్ల మీద పెట్టాను. నా భార్య దాన్ని చూసింది, తల్లిని చూసింది. మూత తిప్పింది. లోపలికి రెండు వేళ్లు పోనిచ్చి, చిటికెడు తీసి, బొటనవేలితో ఒకసారి నొక్కి వదిలింది. ఆ నొక్కడం అచ్చం అత్త చేసినట్టే ఉంది. పెళ్లయ్యాక ఆమె పొగాకు తాకడం నేను చూడలేదు.

"ఇంగా చాల్లేదు," అంది. "అడుగున పొడిగానే ఉండాది. పొద్దున తిరగెయ్యాల."

"అదే చెప్పినా మీ ఆయనకు," అంది అత్త.

"ఆయనకు యాడ తెలుస్తాది? నాకూ మర్చిపోయింది. నువ్వుండి చూసిపో మా."

"కోళ్లు..."

"ఏ కోళ్లు మా?"

నేను ఇటుక ముక్కను చూస్తున్నట్టు నటించాను. నా భార్య తల్లి చేతిలో సంచి తీసుకుని లోపలికి నడిచింది. పొగాకు అంటిన వేళ్లతోనే తీసుకుంది, కడుక్కోలేదు. అత్త కాసేపు గుమ్మంలోనే నిలబడింది. తర్వాత చెప్పులు విడిచింది.

మరునాడు పొద్దున నేను లేచేసరికి తల్లీ కూతుళ్లు మిద్దె మీద చాటకు అటూ ఇటూ కూర్చుని ఉన్నారు. అత్త చిటికెడు పొగాకు నా అరచేతిలో పెట్టింది. నొక్కి వదిలాను. ముడుచుకుని ఉండి, మెల్లగా విచ్చుకుంది.

"ఇంత పని చేసి ఇంత పొగేనా వచ్చేది," అంది అత్త, నేను వెలిగించాక. "పోనీ, వాసన బాగుండాది."

"నీ చేతి వాసన దాంట్లో కలిసింది మా," అంది నా భార్య. అది వెక్కిరింపో కాదో నాకు తెలియలేదు. అత్తకు తెలిసినట్టే ఉంది. కూతురి తల మీద ఒక మొట్టికాయ వేసింది, పొగాకు చేత్తోనే.

ఆ తర్వాత అత్త వచ్చినప్పుడు సంచి మామూలు కంటే లావుగా కనిపించింది. విప్పితే రెండు చీరలు, ఒక దుప్పటి, గుడియాత్తంనుంచి బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చిన తన సొంత చాట ఉన్నాయి. మా ఇంటి చాట మిరపకాయలకు తప్ప దేనికీ పనికిరాదట.