మల్కాపురంలో గ్యాసు పొయ్యి చూసొచ్చాం

తునిలో టిఫిన్ హోటలు పెట్టిన పదకొండేళ్లలో మేము తలుపులు మూసిన రోజు లేదు. ఎనభైల మొదట్లో ఒక బుధవారం నాడు మూశాం. మా ఆయన వీర్రాజుగారి దగ్గు అప్పటికి రెండు వర్షాకాలాలు దాటింది. "బొగ్గుల పొయ్యి దగ్గర నిలబడినంత కాలం ఈ మందులు పనిచెయ్యవు" అని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆ వారంలోనే మల్కాపురం నుంచి అప్పన్న కార్డు రాశాడు. అప్పన్న మా దగ్గర ఆరేళ్లు ఉండి, ఆయన దగ్గరే అట్టు వెయ్యటం నేర్చుకుని, అక్కడ సొంత హోటలు పెట్టుకున్నాడు. ఇప్పుడు గ్యాసు మీద వండుతున్నాననీ, ఒకసారి వచ్చి చూడమనీ ఆ కార్డులో ఉంది.

"శిష్యుడి దగ్గర నేర్చుకోమంటావా?" అని ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడో రోజు బండి ఎన్నింటికని అడిగారు.

ఉదయం ఐదున్నరకి పాసింజరు ఎక్కాం. బొగ్గు ఇంజనే. నర్సీపట్నం రోడ్డు దాటాక కిటికీలోంచి నలుసులు పడుతుంటే తలుపు దించేశాను. అనకాపల్లిలో టీ తాగాం. అక్కడ ఎక్కిన ఒక రైతు మా ప్రయాణం సంగతి విని నవ్వాడు. "మీరు బొగ్గు మానేత్తానంటన్నారు. ఆ బొగ్గుతోటే ఉక్కు కాసే పేక్టరీ వత్తాదని మాం బూములిచ్చేసినాం. మా కుర్రోడికి అందులో ఉజ్జోగం రావాల" అన్నాడు. దువ్వాడలో దిగిపోతూ మా ఆయన దగ్గు విని, "మిరియాల పాలు తాగండి బాబూ" అని చెప్పి మరీ వెళ్లాడు.

వైజాగ్ స్టేషను వాల్తేరులో దిగేసరికి తొమ్మిదిన్నర. అటు వెళ్లేవాళ్లకి ఒక మాట: రేవు వైపు వెళ్లే సిటీ బస్సులు షిఫ్టు మారే వేళ కిక్కిరిసి ఉంటాయి, కాస్త ఆగి ఎక్కడం మంచిది. మేము రెండు బస్సులు వదిలి మూడోది ఎక్కాం. మల్కాపురంలో దిగగానే నూనె వాసన, దూరాన చమురు శుద్ధి చేసే చోట గొట్టం చివర మంట.

అప్పన్న రోడ్డు మీదికే ఎదురొచ్చాడు. "రండి బాబూ, రండమ్మా! ఏటిది, ఇంతలా సిక్కిపోనారు?" అంటూ మా ఆయన చేతిలో సంచీ లాక్కున్నాడు.

వంటింట్లోకి వెళ్లగానే మా ఆయన గోడ మీద వేలితో రాసి, ఆ వేలు చూసుకున్నారు. మసి అంటలేదు. అప్పన్న మీట తిప్పాడు. నీలం మంట. "మీరే ఎయ్యండి" అని అట్లకాడ చేతికిచ్చాడు.

మొదటి పెసరట్టు మాడిపోయింది. బొగ్గు మంటకి అలవాటుపడ్డ చేతికి వేడి అంత త్వరగా ఎక్కుతుందని తెలియదు. అప్పన్న నేల చూపులు చూశాడు. ఆయన మంట తగ్గించి రెండోది వేశారు. అది దోరగా వచ్చింది. నాకు పెట్టి, "ఎలా ఉంది?" అని అడిగారు. మన పొయ్యి మీద వేసినట్టే ఉందన్నాను. ఆ మాట ఆయనకి సంతోషమో కష్టమో మొహంలో తెలియలేదు.

"దీనికి ఖర్చెక్కువ కదరా?"

"బొగ్గే సౌక బాబూ, కాదన్ను. కానీ అది రాజుకోడానికే గంట తింటాది. మజ్జాన్నం గిరాకీ లేపోయినా తింటాది. బొగ్గు కొట్టడానికొకలు, మసిగిన్నెలు తోమడానికి ఇద్దరు, ఏడాదికి రెండుసార్లు గోడలకి సున్నం. అయ్యన్నీ కలిపి సూసుకున్నాకే నాను దీనికొచ్చినాను. గ్యాసు బండ రాకపోతే మాత్రం తిప్పలే. అందుకే అన్నం గుండిగ ఇంకా బొగ్గు మీదే."

"ఆ ముగ్గురూ ఏమయ్యారు?" అని ఆయన అడిగారు.

ఇద్దరు రేవులో కూలికి పోయారట. బొగ్గు కొట్టే పోలమ్మ మిగిలింది. పెరట్లో పప్పు రుబ్బుతోంది. ఆమెనే అడిగారు ఆయన.

"అప్పుడు రోజూ పనుండీది బాబూ. ఇప్పుడు వారానికి నాలుగు రోజులే పిలుత్తన్నాడు" అంది పోలమ్మ, అప్పన్న వింటుండగానే. కాసేపు రుబ్బి, "పొగనేదు, కల్లు మండవు. అదొకటి బాగుంది" అంది.

మధ్యాహ్నం అక్కడే చేపల పులుసుతో భోజనం. అప్పన్న డబ్బు తీసుకోలేదు. మూడింటికి వన్ టౌన్‌లో గ్యాసు ఏజెన్సీకి తీసుకెళ్లాడు. గుమస్తా నెమ్మదైన మనిషి. తునికి ఇంకా సరఫరా లేదనీ, వచ్చినప్పుడు పేరు ముందు ఇచ్చినవాళ్లకి ముందు వస్తుందనీ, ఏడాది పట్టొచ్చు, రెండేళ్లు పట్టొచ్చు అనీ చెప్పి ఫారం ఇచ్చాడు. ఇంటికెళ్లి నింపి పోస్టులో పంపమన్నాడు.

ఆరింటి బండికి కిటికీ పక్క చోటు దొరికింది. వైజాగ్ వెళ్లి సముద్రం చూడకుండా తిరిగొచ్చినవాళ్లం మేమే అయ్యుంటాం. అనకాపల్లి దాటింది. మా హోటల్లో బొగ్గు కొట్టి పొయ్యి రాజేసేది నూకరాజు, ముగ్గురు పిల్లల తండ్రి.

"నూకరాజుకి రేపటినుంచి అట్టు వెయ్యటం నేర్పుతాను. గ్యాసు వచ్చేలోగా వాడి చెయ్యి తిరగాలి" అన్నారు.

"మీరుండగా వాడెందుకు?" అన్నాను.

ఆయన జేబులోంచి ఫారం తీసి, ఒళ్లో సంచీ మీద పెట్టుకుని రాయటం మొదలుపెట్టారు. హోటలు లైసెన్సు, ఇల్లు, బ్యాంకు పుస్తకం అన్నీ ఆయన పేరునే ఉన్నాయి. బండి ఊగుతుంటే అక్షరాలు వంకరపోతున్నాయి. దరఖాస్తుదారు అన్న చోట నా పేరు రాశారు, సత్యవతి అని.

"గ్యాసు రావటానికి రెండేళ్లంటున్నాడు కదా" అన్నారు దగ్గు ఆగాక, తల ఎత్తకుండా.

నా పేరు కొట్టేయమని చెప్పాలనుకున్నాను. సంతకం చెయ్యాల్సిన చోటు ఆయన వేలితో చూపిస్తే, కలం తీసుకుని సంతకం చేశాను.