తిహోమిర్ బాబాయ్ పెళ్లికోటు

సెర్బియా దేశంలోని నీష్ ఊళ్లో తిహోమిర్‌ని కాదనని సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒక్కటీ మిగల్లేదని బురెక్ అనే కూరుడు పొరల రొట్టెల దుకాణం నడిపే రూజిత్సా వచ్చినవాళ్లందరికీ చెప్పేది. "పాపం, అరవై దాటాడు. వారం వారం ఇంటర్వ్యూకి వెళ్తాడు, వారం వారం వట్టి చేతులతో తిరిగొస్తాడు. ఒక్కడూ తీసుకోడు" అంటూ, ఆ జాలికొద్దీ ఆయనకి పెట్టే బురెక్ ముక్కని మాత్రం కత్తి కాస్త పక్కకి జరిపి పెద్దదిగా కోసేది.

ఇంటర్వ్యూలకి వెళ్లడం మాత్రం నిజం. తిహోమిర్‌కి ఇంటర్వ్యూల పిచ్చి. ఆయన వయసు మగవాళ్లు నిషావా నది ఒడ్డున గాలం వేసుకుని కూర్చుంటారు, లేదా మిద్దె మీద పావురాలు పెంచుతారు. ఈయన ఇంటర్వ్యూలకి వెళ్తాడు. ప్రోగ్రామర్లు కావాలన్న ప్రకటన కంటబడితే చాలు, ఆయన పెళ్లినాటి కోటు బీరువాలోంచి బయటికొచ్చేది. ఎర్రద్రాక్షసారా రంగు కోటు. దాని బొత్తాలకీ కాజాలకీ ఇప్పుడు దూరపు చుట్టరికమే మిగిలింది. అయినా ఆయన దాన్ని తొడుక్కుని, మీసం దువ్వుకుని, వీధి మధ్యలోంచి నడిచి వెళ్తుంటే పెళ్లికొడుకు ముసలివాడై పెళ్లి వెతుక్కుంటున్నట్టుండేది.

"బాబాయ్, మీకు పని ఉందిగా?" అని ఒకసారి నెవెనా అడిగింది. నెవెనా ఆ దుకాణంలోనే పనిచేస్తుంది. గల్లా వెనక నిలబడి రోజంతా అందర్నీ చూస్తుందే తప్ప పెదవి విప్పదు. ఆమె ఒక పూర్తి వాక్యం మాట్లాడిందంటే అది తిహోమిర్‌తోనే.

"ఉందమ్మాయ్. పిండిమర ప్రోగ్రాము నేను రాసిందే. అదెలా నడుస్తోందో లోకంలో నా ఒక్కడికే తెలుసు. అదీ రోజూ కాదు."

"మరి ఇంటర్వ్యూలెందుకు?"

"ఎందుకేమిటి? చల్లటి గది. కాఫీ ఉచితం. ఎదురుగా ఇద్దరు కూర్చుని నా మాటకి అడ్డు రాకుండా వింటారు. పెళ్లయిన మగాడికి ఇంత మర్యాద ఇంకెక్కడ దొరుకుతుంది?"

ఒకసారి నెవెనాని కూడా తీసుకెళ్లాడు. "ఈ అమ్మాయి ఎవరండీ?" అని గుమ్మం దగ్గర అడిగితే, "మా లాయరు" అన్నాడు. లాయరు తెల్ల ఏప్రన్ విప్పి చేతిలో మడిచి పట్టుకుని, సిగ్గుతో మూలకుర్చీలో ముడుచుకుంది. బల్లకి అవతల ముత్యాల దండ వేసుకున్న ఒకావిడ, ఆవిడ పక్కన నవ్వు అతికించుకున్న ఒక కుర్రాడు.

"మీ బలహీనత ఏమిటో చెబుతారా?" అంది ముత్యాలావిడ.

"బురెక్."

"అది కాదండీ, పని చేసేటప్పుడు..."

"పని చేసేటప్పుడు ఇంకా ఎక్కువ."

"సరే. ఐదేళ్ల తరువాత మీరెక్కడ ఉండాలనుకుంటున్నారు?"

"ఈ లోకంలోనే."

కుర్రాడి నవ్వు ఒకవైపు ఊడింది. తిహోమిర్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "ఇక నా వంతు. ఈ మధ్య మీ ఆఫీసులో అందరికన్నా పెద్ద పొరపాటు ఎవరు చేశారు? ఆ మనిషి ఇప్పుడెక్కడున్నాడు?"

"మా దగ్గర పొరపాట్లు జరగవండీ" అంది ముత్యాలావిడ గర్వంగా.

తిహోమిర్ లేచి నిలబడ్డాడు. "పద, లాయరమ్మా."

మెట్లు దిగుతూ నెవెనా, "అదేమిటి బాబాయ్, మధ్యలో లేచొచ్చేశారు?" అంది.

"పొరపాటు జరగని ఆఫీసంటే అర్థమేమిటి? మొదటిది నువ్వు చేసేదాకా కాచుకుని కూర్చున్నారని. ఇంటర్వ్యూ అంటే వాళ్లు నిన్ను చూసుకోవడమే కాదు, నువ్వు వాళ్లని చూసుకోవడం. మా పెళ్లిచూపుల్లో మా ఆవిడ నన్ను అడిగినన్ని ప్రశ్నలు ఇంతవరకూ ఏ కంపెనీ అడగలేదు."

నెవెనా సాంకేతిక పాఠశాలలో మూడో ఏడు చదువుతుండగా తండ్రికి పక్షవాతం వచ్చింది. ఆమె పుస్తకాలు పక్కన పెట్టి ఏప్రన్ కట్టుకుంది. కాని ప్రోగ్రాములు రాయాలన్న కోరిక మాత్రం ఏ పక్కన పెట్టినా ఉండలేదు. పొద్దుటి జనం పలచబడ్డాక, మధ్యాహ్నం ఖాళీ దుకాణంలో, తిహోమిర్ ఇచ్చిన పాత కంప్యూటరు ముందేసుకుని కూర్చునేది. ఆయన పాఠాలు చెప్పేవాడు కాదు. చెడిపోయిన ప్రోగ్రాము ఒకటి తెచ్చి ఆమె ముందు పడేసి, "దీనికేదో జబ్బు చేసింది. చూడు" అని తన బురెక్‌లో మునిగిపోయేవాడు. "ముందు చదవడం నేర్చుకో. ఈ పనిలో ఉన్నవాడి బతుకంతా ఎవడో రాసి పారిపోయింది చదువుకోవడమే."

అన్నిటికన్నా కష్టమైన పాఠం ఒకటే మాట.

"తెలీదు అను."

"తెలీదు" అంది నెవెనా గొణుగుతున్నట్టు.

"అది తెలీదు కాదు, క్షమించండి. క్షమించండి వేరే మాట. తలెత్తి, గట్టిగా, బురెక్‌తో తాగే పెరుగు అయిపోయిందని చెప్పినట్టు చెప్పు. దాని వెనకే, చూసి చెప్తాను అను. ఈ రెండు మాటలూ వస్తే ఎక్కడైనా బతుకుతావు. రాకపోతే నీకు తెలీనిదంతా తెలిసినట్టు నటించడానికే రోజు గడిచిపోతుంది, పని ఎప్పుడు చేస్తావు?"

"తెలీదు! చూసి చెప్తాను!"

"ఏమిటే తెలీంది?" అని లోపల పొయ్యి దగ్గర్నుంచి రూజిత్సా కేకేసింది. "పెరుగు అయిపోయిందా?"

ఆ పాఠం జరిగిన ప్రతి మధ్యాహ్నం రూజిత్సా ఆ కేకే వేసేది. పెరుగు ఎప్పుడూ ఉండేది.

కొన్నాళ్లకి నెవెనా సొంతంగా ఒక ప్రోగ్రాము రాసింది. పొయ్యిలోంచి వేడి బురెక్ పళ్లెం బయటికి వచ్చే వేళకి సరిగ్గా పేటలో అందరి ఫోన్లూ మోగుతాయి. మాంసందా, జున్నుదా అన్నది కూడా చెబుతాయి. పేటంతా మురిసిపోయింది. మార్చి చివరి ఆదివారం, ఏటా ఎండాకాలానికి చేసినట్టే, దేశమంతా గడియారాలు గంట ముందుకి జరుపుకున్నారు. నెవెనా ప్రోగ్రాము మాత్రం జరుపుకోలేదు. ఫోన్లు గంట ఆలస్యంగా మోగాయి. "వేడి వేడి బురెక్!" అన్న కబురు నమ్మి పరుగెత్తుకొచ్చిన పింఛనుదారులందరి చేతుల్లోనూ చల్లారిన ముక్కలు పడ్డాయి. చల్లారిన బురెక్ కొరికిన నీష్ మనిషి ముఖం చూసినవాళ్లు మరిచిపోరు. నెవెనా గల్లా కిందికి దూరి కూర్చుంది.

అప్పుడు తిహోమిర్ దుకాణం మధ్యలో బల్లెక్కి నిలబడ్డాడు. "అరవకండయ్యా! గడియారం దగ్గర దెబ్బ తినకుండా ప్రోగ్రామరు అయినవాడు లేడు. ఇవాళ్టి నుంచి ఈ పిల్ల ప్రోగ్రామరు. చప్పట్లు కొట్టండి!"

"కొడతాం గానీ, ముందు ముక్క వేడిచేసివ్వమను" అన్నారు వాళ్లు. వేడిచేసిచ్చాకే చప్పట్లు కొట్టారు.

ఆ ధైర్యంతో నెవెనా కంపెనీలకి దరఖాస్తులు పెట్టింది. చదువు అన్న గడి దగ్గర ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఆమె చదువు ఆ వరసలోనే లేదు. ఖాళీగా వదిలి పంపేది. గ్లాసులో పెరుగు పోసేలోపే తిప్పి పంపేవారు. చదివింది మనిషి కాదు, యంత్రమే. ఊరంతట్లోకీ మంచి ఆఫీసని తిహోమిర్ చెప్పిన గాజు భవనం వాళ్లదీ అదే జవాబు.

"పిచ్చిదానా, డిప్లొమా ఒకటి కొనుక్కో" అంది రూజిత్సా. "అమ్మేవాళ్లున్నారు. మా మేనల్లుడు కొన్నాడు, ఇప్పుడు మేనేజరు. లోపలికెళ్లాక ఏమడిగినా వచ్చు, వచ్చు అనడమే."

"ఒక్క అబద్ధం రాశావనుకో" అన్నాడు తిహోమిర్, బురెక్ నమలడం ఆపి, "దాన్ని జీవితాంతం నువ్వే నడపాలి. అది ఎప్పుడు చెడితే అప్పుడు నువ్వే లేచి బాగుచేసుకోవాలి. రాసిన కోడుతోనే చస్తున్నాం, ఇంకా అదొకటా?"

ఆయన వెళ్లాక రూజిత్సా గొంతు తగ్గించింది. "మంచివాడే, కాదనను. కాని ఆలోచించు. ఒక్క ఇంటర్వ్యూ నెగ్గని మనిషి నీకు ఇంటర్వ్యూ నేర్పుతున్నాడు. ఆయన చెప్పినట్టు చేస్తే నీకూ ఒక కోటు కొనిపెట్టాలి, అంతే."

ఆ మాట నెవెనాకి లోపల గుచ్చుకుంది.

తరువాతి వారం తిహోమిర్ వచ్చి, "గురువారం పదకొండింటికి గాజు భవనానికి వెళ్లు. పిలిచారు" అన్నాడు.

"తిప్పి పంపారుగా?"

"మళ్లీ పిలిచారు."

"ఎందుకు?"

"తెలీదు!" అన్నాడు తలెత్తి, గట్టిగా. చూసి చెప్తానని మాత్రం అనలేదు.

గురువారం నెవెనా గాజు భవనంలో కూర్చుంది. ఎదురుగా ఓగ్నెన్ అనే గడ్డం మనిషి. ఆమె కుర్చీ అంచు దాటి వెనక్కి జరగలేదు. వచ్చు, వచ్చు అనమన్న రూజిత్సా గొంతు ఒక చెవిలో, తెలీదు అనమన్న తిహోమిర్ గొంతు ఇంకో చెవిలో. ఓగ్నెన్ ఏదో అడిగాడు. అందులో ఆమెకి సగం మాటలు కొత్తవి. 'వచ్చు' అన్న మాట పెదవి దాకా వచ్చింది.

"తెలీదు!"

అనుకున్న దానికన్నా గట్టిగా వచ్చింది. కిటికీ గట్టు మీది పావురం ఎగిరిపోయింది. అద్దం అవతల నడుస్తున్న ఒకాయన ఆగి చూశాడు.

"చూసి చెప్తాను" అంది నెవెనా కాస్త తగ్గించి.

ఓగ్నెన్ గడ్డం గోక్కున్నాడు. "సరే, చూద్దాం" అని తెర ఆమె వైపు తిప్పాడు. ఇద్దరూ కలిసి చదివారు. కొంత అర్థమైంది, కొంత కాలేదు. కానిది కాలేదనే చెప్పింది. తను చేసిన పెద్ద పొరపాటేమిటని అడిగితే చల్లారిన బురెక్ సంగతి పూస గుచ్చినట్టు చెప్పింది. ఆయన నవ్వుతూనే ఇంకో ప్రశ్న వేశాడు.

"చదువు మధ్యలో ఎందుకు ఆపేశారు?"

ఈ ప్రశ్నకి ఇన్నాళ్లూ ఆమె తల దించుకునే జవాబు చెప్పేది. ఈసారి తల దించాలని గుర్తు రాలేదు.

"నాన్న మంచాన పడ్డాడు. బురెక్ దుకాణంలో పని దొరికింది, చేశాను. ఇప్పటికీ చేస్తున్నాను. అందులో సిగ్గుపడాల్సింది నాకేమీ కనబడలేదు. మీకు కనబడితే చెప్పండి."

"నాకూ కనబడలేదు" అన్నాడు ఓగ్నెన్ నెమ్మదిగా.

"అయితే ఇక నా వంతు" అంది నెవెనా. "ఈ మధ్య మీ ఆఫీసులో అందరికన్నా పెద్ద పొరపాటు ఎవరు చేశారు? ఆ మనిషి ఇప్పుడెక్కడున్నాడు?"

ఓగ్నెన్ చెవులు ఎర్రబడ్డాయి. "నేనే చేశాను. ఊళ్లో బస్సు టికెట్ల ప్రోగ్రాముని ఒక పూట ఆపేశాను. జనం ఉచితంగా తిరిగారు. ఆ మనిషి మీ ఎదురుగానే కూర్చున్నాడు."

నెవెనా అప్పుడు మొదటిసారి కుర్చీలో వెనక్కి ఆనుకుంది.

లేవబోతూ అడిగింది. "మీ యంత్రం నన్ను తిప్పి పంపిందిగా. మళ్లీ ఎలా పిలిచారు?"

"మీకు చెప్పలేదా?" ఓగ్నెన్ ఆశ్చర్యపోయాడు. "మీ ఎర్రకోటు బాబాయ్ వచ్చారండీ. ఇంటర్వ్యూ అంతా అయ్యాక ఆయనతో ఉద్యోగం మీదేనన్నాం. 'నాకొద్దు. నాకివ్వాలనుకున్న కుర్చీలో ఒక గంట మా అమ్మాయిని కూర్చోబెట్టండి. తీసుకోమనను, వినమంటున్నాను' అన్నారు. మాకిది కొత్త కాదు. పక్కగదిలో ఇద్దరు అలా వచ్చినవాళ్లే. మిగతా కంపెనీల వాళ్లూ చెప్తుంటారు. ఆ కోటు మెట్లెక్కుతోందంటే, ఇంకో కుర్చీ వేయించి ఉంచుతారట."

నెవెనా దుకాణానికి తిరిగొచ్చేసరికి తిహోమిర్ బల్ల దగ్గర పళ్లెం ముందేసుకుని కూర్చున్నాడు. ఒంటి మీద కోటు ఉంది.

"ఏమైందే?" అంది రూజిత్సా, చేతిలో కత్తి అలాగే పట్టుకుని.

"సోమవారం నుంచి రమ్మన్నారు అత్తా. మూడు నెలలు నన్ను చూస్తారట." ఒక్క క్షణం ఆగింది. "నేనూ మిమ్మల్ని చూస్తానని చెప్పాను."

రూజిత్సా కత్తి కింద పెట్టి ఆమెని కావలించుకుని, పిండిచేతులతో కొత్త చొక్కా అంతా తెల్లగా చేసింది. తరువాత కళ్లు తుడుచుకుంటూ తిహోమిర్ వైపు తిరిగింది. "చూశావా? నిన్నగాక మొన్నటి పిల్లకి మొదటిసారే వచ్చింది. నీకు మాత్రం... ఇవాళ ఎక్కడికి బయల్దేరావయ్యా?"

"కోట దగ్గర కొత్త కంపెనీ పెట్టారట. వెళ్లొస్తాను. పక్కవీధి మెకానిక్కు కూతురు కోడు బాగా చదువుతోంది, కాని..." అని తిహోమిర్ ఠక్కున ఆగి మీసం తుడుచుకున్నాడు. "వాతావరణం బాగుందని వెళ్తున్నాను."

"పాపం! ఒక్కడూ తీసుకోడు" అంటూ రూజిత్సా ఇంకో ముక్క కోయడానికి కదిలింది.

"అత్తా, అసలు సంగతి..." అని నెవెనా నోరు తెరిచింది.

తిహోమిర్ బల్ల కిందనుంచి కాలు చాపి ఆమె కాలు తొక్కాడు. "నోరు మూసుకో అమ్మాయ్" అన్నాడు గుసగుసగా. "నిజం తెలిస్తే అందరితో సమానంగా కోస్తుంది."

నెవెనా నోరు మూసుకుంది. కత్తి ఎప్పట్లాగే కాస్త పక్కకి జరిగి, పెద్ద ముక్క పళ్లెంలో పడింది. తిహోమిర్ మధ్యలో లేచి రాకుండా చివరిదాకా కూర్చున్న కంపెనీల్లో ఒక్కటి కూడా ఆయన్ని కాదనలేదు.