మొదటి పేరు బసప్పది

వేరుశనగ విత్తనం ఒలిచే నెలలో నల్లమ్మతో తగువు పెట్టుకున్నాడు ఆ ఎస్సై. పాపం, ఊరికి కొత్త. ఎదురింటి సుబ్బరత్నమ్మ ఆమెకు తోడు వెళ్లి, స్టేషన్ గడపలోనే చతికిలబడి అంతా కళ్లారా చూసింది.

మొన్న గంగప్ప తోటలో మోటారు స్టార్టరును ఎవరో ఎత్తుకుపోయారు. అది బిగించిన పెట్టె మీద దొరికిన బొటనవేలి ముద్రను పట్నంలో కొత్తగా వచ్చిన కంప్యూటరుకు చూపిస్తే, అది నల్లమ్మ మొగుడు బసప్ప పేరు చెప్పిందట. ఎప్పుడో బోరు దగ్గర జరిగిన కొట్లాట కేసులో అతని ముద్రలు తీసుకున్నారు. ఇంకేం, పొద్దున్నే వచ్చి పట్టుకుపోయారు. సాయంత్రానికి కోర్టు, ఆపైన జైలు. కోడి కూసినా ఉలిక్కిపడే మనిషి, స్టేషన్ మూలన ముడుచుకుని కూర్చున్నాడు.

“కంప్యూటర్ అబద్ధం చెప్పదమ్మా,” అన్నాడు ఎస్సై.

“అది ఎన్ని పేర్లు చెప్పింది సారూ?”

కాగితం చూసుకున్నాడు. “పది. మొదటిది నీ మొగుడిదే.”

“ఏమప్పా, నీ బిడ్డకు పది సంబంధాలొస్తే మొదుటోనితోనే తాళి కట్టిస్తావా? మనిషిని చూసుకోవద్దా?”

కానిస్టేబుల్ రంగన్న నవ్వు దాచుకోవడానికి గోడవైపు తిరిగాడు.

ఏడో ఏటి నుంచి ఊరందరి విత్తనమూ ఒలిచిన చేతులు నల్లమ్మవి. మిషన్లో పప్పు విరుగుతుంది, విరిగితే మొలవదు, కాబట్టి చేత్తోనే ఒలవాలి. బడి ముఖం చూడకపోయినా, కాయను ఆడించి లోపల పప్పుందో లేదో చెవితోనే చెప్పేది.

బసప్ప చెయ్యి లాక్కొచ్చి బల్ల మీద పెట్టింది. “పదిదినాల్నుంచి ఇద్దురం శెనక్కాయలు ఒలుస్తాండాం. తోలు లేసిపోయినాది. సిరా పూసి చూడు, యాడన్నా గీత ఉండాదేమో!”

పూసి ఒత్తించారు. నల్లటి మచ్చ తప్ప ఏమీ పడలేదు. పెట్టె మీది ముద్రలోనేమో గీతలు దువ్విన జుట్టులా ఉన్నాయి.

ఎస్సై పట్నంలో వేలిముద్రలు చూసే ఆఫీసుకు ఫోన్ చేశాడు. “పోలికున్న పేర్లు మాత్రమే మిషన్ ఇస్తుందయ్యా! భూతద్దం పెట్టి మేమింకా చూడనే లేదు, ఎవరు పట్టుకోమన్నారు?” అన్న అరుపు గడప దాకా వినబడింది.

బసప్పను వదిలేశారు, టీ కూడా ఇప్పించారు. వాళ్లు మెట్లు దిగుతుంటే లోపల ఎస్సై, “రెండో పేరు గుంతకల్లు రైల్వే గేటు దగ్గర నాగన్న. వాణ్ణి తెప్పించు,” అంటున్నాడు.

నల్లమ్మ పడీపడీ నవ్వింది.

“సుబ్బరత్నమ్మక్కా, నాకు ఒలుపుడు ఉండాది. రేపు తొలి బస్సుకు నువ్వు గుంతకల్లుకు పో. ఆ నాగన్న పెండ్లాన్ని ఎతికి పట్టుకోని, ఏడ్సొద్దని చెప్పు. ఎన్ని పేర్లొచ్చినాయి, అద్దం పెట్టి ఎవురు చూసినారు అని ముందు అడగమను. నోరు లేనిదైతే నువ్వే అడుగు.”