డిక్కీలో కొబ్బరికాయలు

మా ఆయనకి నాకన్నా కారంటేనే ఇష్టమని పెళ్లైన మూడో ఏడు తేలిపోయింది. అంతవరకూ నేనే ముందున్నాననుకునేదాన్ని. నాలుగు వరసల హైవే పూర్తయిన కొత్తలో ఆయన విశాఖపట్నం వెళ్లి, ఎవరో వాడిన ఎర్రటి చిన్న కారొకటి తోలుకొచ్చారు. చూడ్డానికి చిన్నదే గానీ ఇంజన్లో దమ్ముందట. టెక్కలిలో మాది ఎరువుల కొట్టు. యూరియా బస్తాల మధ్య కూర్చునే మనిషికి అంత దమ్ము దేనికండీ అని అడిగాను. "నీకు తెలీదులే" అన్నారు. ఈయన నోట ఆ మాట వచ్చిందంటే ఇంట్లో ఏదో తగలబడబోతోందని నాకప్పటికే తెలుసు.

తగలబడింది. కారుకున్న మెత్తటి స్ప్రింగులు పీకించి, పొట్టిగా గట్టిగా ఉండేవి వేయించారు. షాక్ అబ్జార్బర్లు మార్పించారు. చక్రాలు పెద్దవి పెట్టించి వాటికి వెడల్పాటి టైర్లు తొడిగించారు. ఆ టైర్లకు పక్కన రబ్బరు రెండు వేళ్ల మందం కూడా లేదు. పలాసలో ఆయనకి నమ్మకమైన మెకానిక్ ఒకడున్నాడు. ఇద్దరూ కలిసి మూడు రోజులు ఆ కారు కిందే కాపురం పెట్టారు. నాలుగో రోజు ఇంటికొచ్చేసరికి కారు బాగా కిందికి దిగి, నేలని వాసన చూస్తున్నట్టుంది. "సూసినావా, ఎలా కూకుందో!" అంటూ దాని చుట్టూ తిరిగారు. పెళ్లిలో అగ్నిహోత్రం చుట్టూ కూడా అన్నిసార్లు తిరగలేదు మేము.

నిజం చెప్పుకోవాలి. హైవే మీద ఆ కారు బాగుండేది. కోటబొమ్మాళి దాటాక ఎంత వేగంగా మలుపు తిప్పినా పక్కకి ఒరిగేది కాదు, రోడ్డుని గట్టిగా పట్టుకుని పోయేది. అలా మలుపు తిరిగాక ఆయన నావైపు చూసి కనుబొమలెగరేసేవారు. నాకూ నవ్వొచ్చేది. ఆ సంబరం చూసి నేను సగం గొడవలు మానేశాను.

హైవే దిగితేనే తంటా. మా పుట్టిల్లు ఉద్దానంలో, సముద్రం ఒడ్డునే. పూండి రైలు గేటు దాటి, జీడితోటల మధ్య గతుకుల దారిలో పోవాలి. మా నాన్న చేపల వేట మనిషి. నలభై ఏళ్లు సముద్రాన్ని లెక్కచేయకుండా తిరిగినవాడు కిడ్నీల దగ్గర దెబ్బతిన్నాడు. మా వైపు ఆ జబ్బు లేని వీధి లేదు. సంతకం పెట్టడం రాని ముసలమ్మలు కూడా "నీకు క్రియాటినిన్ ఎంతుందే?" అని పలకరించుకుంటారు. నాన్నకి వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, శ్రీకాకుళంలో డయాలసిస్ చేయాలన్నారు. వరసగా రెండుసార్లు తప్పితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందనీ, ఆ తర్వాత తన చేతుల్లో ఉండదనీ డాక్టరు మా ముగ్గురినీ కూర్చోబెట్టి మరీ చెప్పాడు. అమ్మ అప్పటికే లేదు. మా ఇంటికొచ్చి ఉండిపోమంటే నాన్న ఒప్పుకోలేదు. అల్లుడింట్లో మకాం పెట్టడం ఆయనకి నామోషీ.

"అయితే నేనే తీసుకెళ్లి తీసుకొత్తాను మావా" అన్నారు మా ఆయన, ఇంకెవరూ నోరు విప్పకముందే. అన్నమాట ప్రకారం వారానికి రెండు రోజులు కొట్టు మూసేసి, తెల్లవారగానే మా ఊరు వెళ్లి నాన్నని ఎక్కించుకుని శ్రీకాకుళం పోయేవారు. నేను బడిపంతులమ్మని. నాకు అన్ని సెలవులు దొరకవు. అంచేత వాళ్లిద్దరే వెళ్లేవారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాది కాలేజీలో ఇష్టపడి చేసుకున్న పెళ్లి. మా ఆయనవాళ్లు నిమ్మాడ వైపు భూములున్న కుటుంబం. మేము చేపలోళ్లం. అంత ఇంటి కుర్రాడు తన కూతుర్ని ఏరికోరి చేసుకున్నాడన్న గౌరవం నాన్నకి ఎంత ఉండేదంటే, అల్లుడి ముందు మంచం మీద కూడా కూర్చునేవాడు కాదు. అల్లుడు వండిన కూరలో ఉప్పు ఎక్కువైనా "అమృతంలాగుంది అల్లుడుగోరూ" అని తిన్న మనిషి. కారు విషయంలోనూ అంతే. వెనక సీట్లో పడుకున్న నాన్నని దారిలో "ఎలా ఉంది మావా?" అని ఈయన అడగడం, "పల్లకీలో పోతన్నట్టుంది" అని ఆయన అనడం. ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్పని రోజు లేదు. "బండి సంగతి మీ నాన్నకి తెలిసినంత కూడా నీకు తెలీదే" అని నాకో పోటు కూడాను.

కొన్నాళ్లకి, కారు వెనకభాగం కుంగిపోతోందనీ, స్పీడ్‌బ్రేకర్ల దగ్గర అడుగు గీసుకుంటోందనీ మా ఆయన ఒకటే గుంజాటన పడ్డారు. మళ్లీ పలాస పోయి, వెనక ఇంకా గట్టి స్ప్రింగులు వేయించుకొచ్చారు. ఎందుకు కుంగుతోందో నేను అడగలేదు. కారు కబుర్లు మొదలుపెడితే వంటింట్లోకి వెళ్లిపోవడం నాకు అప్పటికే అలవాటైపోయింది.

ఆ తర్వాత నాన్న తప్పించుకోవడం మొదలుపెట్టాడు. ఒక మంగళవారం జ్వరమన్నాడు. ఆ శుక్రవారం వెళ్లాడు గానీ, తర్వాత మంగళవారం ఈయన వెళ్లేసరికి ఇంట్లో లేడు. ఒడ్డున ఎవరి పడవ వెనకో దాక్కున్నాడని పక్కింటివాళ్లు చెప్పారు. డెబ్బై ఏళ్ల మనిషి దాగుడుమూతలేమిటి! శుక్రవారం మా ఆయన ఖాళీ కారుతో పొద్దున్నే తిరిగొచ్చేశారు.

"రానన్నారే. ఇంక సాలు, నన్నొగ్గీండి అల్లుడుగోరూ అని దండం ఎట్టీసినారు."

ఇది వరసగా రెండోసారి తప్పడం. డాక్టరు చెప్పింది ఇదే. నాన్న బతుకు మీద ఆశ వదిలేసుకున్నాడనుకున్నాను. భయం నాకు ఎప్పుడూ కోపంగానే బయటికొస్తుంది.

"ఆయన దండం పెడితే మీరు వచ్చేశారా? మీకేటైనా బుద్ధుందా?"

"మరేటి సెయ్యమంటావు? ఎత్తుకొచ్చీమంటావా?"

"అవును, ఎత్తుకొచ్చీవలసింది!"

బడికి సెలవు చీటీ పంపించేసి, రెండు చీరలు సంచిలో కుక్కుకుని బయల్దేరాను. అవసరమైతే నాన్నని కట్టేసైనా తీసుకురావాలని. సంచి పెడదామని డిక్కీ తీశాను. లోపల రెండు గోనె బస్తాలు, నిండా కొబ్బరికాయలు. వాటిలో కొన్ని మొలకలు కూడా వేసేశాయి.

"ఇవేటండీ?"

"మీ నాన్నవే. ఆసుపత్రి దగ్గర తెలిసినోళ్లెవరికో ఇవ్వాలన్నారు. ఆ మనిషి ఎప్పుడూ కనపడలేదు. తీసేద్దామంటే, ఉండనీండి ఉండనీండి అన్నారు. మావ మాట కాదనలేక ఉంచేశాను."

నెలల తరబడి ఆ కాయలు శ్రీకాకుళం వెళ్తున్నాయి, వస్తున్నాయి. నాకేమీ అర్థం కాలేదు. ఈయన మీద కోపంతో ముందు సీటు ఎక్కకుండా, వెనక సీట్లో కూర్చుని ధడాల్న తలుపేశాను. ఆ కారు వెనక సీట్లో నేను కూర్చోవడం అదే మొదటిసారి.

హైవే మీద పరవాలేదు. ఊళ్లవైపు తిరిగాక మొదలైంది. ప్రతి గతుకూ నడుములోంచి మెడదాకా పాకింది. నిలదొక్కుకుందామంటే వెనక పట్టుకోవడానికి ఏమీ లేదు. పూండి గేటు దగ్గర పట్టాలు దాటేటప్పుడు సీటుమీంచి ఎగిరి పడ్డాను. నాలుక కొరుక్కుని కళ్లనీళ్లు తిరిగాయి. ఆరోగ్యంగా ఉన్నదాన్ని, ముప్పై ఏళ్లదాన్ని. చేతికి సూదులు గుచ్చి, నాలుగు గంటలసేపు ఒంట్లో రక్తమంతా బయటికి తీసి మళ్లీ ఎక్కించాక మా నాన్న ఈ సీట్లో ఇంటికొస్తున్నాడా? పల్లకీ అట, పల్లకీ!

నాన్న ఇంటి అరుగుమీద వల ముందేసుకుని కూర్చున్నాడు. మొహం ఉబ్బిపోయి ఉంది. ఈయన్ని కారు దగ్గరే ఉండమని, నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"నాన్నా, డిక్కీలో కొబ్బరికాయలెందుకు పెట్టావు?"

నాన్న కారు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "కాళీ పడవ అల మీద ఎగురుతాదమ్మా. ఎనకాల బరువెడితే కూకుంటాది. బండి కూడా అంతే గదా అనుకున్నాను. కూకున్నాది కూడాను, కొన్నాళ్లు బాగానే ఉన్నాది. మరేటైనాదో, మళ్లీ రాయిలాగ అయిపోనాది."

ఏమైందో నాకు తెలుసు. నాన్న పెట్టిన బరువుకి కారు కుంగింది. కుంగిందని ఈయన ఇంకా గట్టివి వేయించారు. ఒకరి ఉద్దేశం ఒకరికి తెలియకుండా, ఇద్దరూ కలిసి ఆ సీటుని బండరాయి చేసిపెట్టారు.

"ఒళ్లు హూనమైపోతోందని ఒక్క మాట చెప్పొచ్చు కదా నాన్నా!"

"ఎలా సెప్పమంటావు? అతనికి ఆ బండంటే పానం. కొట్టు మూసుకుని నాకోసం తిరగతన్నాడు. కడుపున పుట్టినోడు కూడా సెయ్యడు. అలాటోడికి నీ బండి బాగునేదని నాను సెప్పాలా?"

"చెప్పకుండా చచ్చిపోతావా?"

"మరేటి, ఎప్పుడో ఒకప్పుడు పోవలసిందే గదా" అన్నాడు, వల ముడి చూసుకుంటూ. "అతనికి మాత్రం సెప్పకే తల్లీ. నా మీదొట్టు."

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. మర్యాద కోసం ప్రాణం వదులుకుంటానంటున్న మనిషిని ఏం చేయాలి? తల గట్టిగా గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఒట్టు సంగతి దేవుడు చూసుకుంటాడని, నేరుగా కారు దగ్గరికి నడిచి మా ఆయనకి అంతా చెప్పేశాను. కొబ్బరికాయల దగ్గర్నుంచీ ఏదీ దాచలేదు. ఏదో ఒకటి ఎదురు వాదిస్తారనుకున్నాను. ఆయన కారు బానెట్ మీంచి చెయ్యి తీశారు. అరుగు దగ్గరికెళ్లి, "మావా, ఈ ఒక్కరోజుకి నా మాట వినండి" అని నాన్న భుజం కింద చెయ్యి వేసి లేవదీశారు. నాన్న ఇంక కాదనలేకపోయాడు.

ఆ రోజు శ్రీకాకుళం దాకా ఎద్దుబండి కన్నా నెమ్మదిగా వెళ్లాం. నాన్న తల నా ఒళ్లో పెట్టుకున్నాను. వెనకనుంచి లారీలు హారన్లు కొట్టి తిట్టుకుంటూ పోయాయి. కారు కొన్నప్పటినుంచీ ఎవరినీ ముందుకు పోనివ్వని మనిషి అన్నిటికీ పక్కకి తప్పుకుని దారిచ్చారు. ఆలస్యంగా వచ్చినా ఆసుపత్రిలో నాన్నని చేర్చుకున్నారు.

మర్నాడు ఆయన పలాస వెళ్లి, మెకానిక్‌ని తోలమని, తను వెనక సీట్లో పడుకుని పూండి గేటు దాకా వెళ్లొచ్చారట. ఇది మెకానికే నాకు తర్వాత చెప్పాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కలుపుకుంటూనే ఉన్నారు. "పల్లకీ అన్నారే" అన్నారు చివరికి. "నేను నమ్మేశాను." ఆ మొహం చూస్తే నాకు తిట్టబుద్ధి కాలేదు. కంచం తీసి పక్కన పెట్టి, చెయ్యి కడిగించాను.

ఆదివారం, సోమవారం కారు మళ్లీ పలాసలోనే. గట్టి స్ప్రింగులు తీసేసి మెత్తటివి, చిన్న చక్రాలకి ఎత్తైన టైర్లు, షాక్ అబ్జార్బర్లు కూడా మామూలువే. "అందరూ గట్టివి వేయించుకుంటారు, నువ్వేటి బాబూ, ఎనక్కెళ్తన్నావు?" అని మెకానిక్ నెత్తి కొట్టుకున్నాడట. తిరిగొచ్చిన కారు కాళ్ల మీద లేచిన కోడిపెట్టలా ఉంది. మలుపు తిప్పితే ఊగిపోతోంది. కొట్టు దగ్గర స్నేహితులు పడీపడీ నవ్వారు. ఈయన కూడా నవ్వారు గానీ, గట్టి స్ప్రింగుల్ని మాత్రం గుడ్డలో చుట్టి అటక మీద పెట్టుకున్నారు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. అప్పుడు ఆయన మీద నాకు కలిగిన ప్రేమ, పెళ్లినాడు కూడా కలగలేదు.

మంగళవారం నేను కూడా వెళ్లాను. నాన్న కారుని కిందనుంచి పైదాకా చూసి, "బండి పొడుగైనాదేటి?" అన్నాడు.

"పాత టైర్లు అరిగిపోయినాయి మావా. ఈ సైజే దొరికింది" అన్నారీయన, కళ్లు కలపకుండా.

నాన్న నావైపు చూశాడు. నేను జీడితోటల వైపు చూశాను. పూండి గేటు దాటుతుంటే కారు మెల్లగా ఒకసారి లేచి దిగింది. నిమ్మాడ వచ్చేసరికి నాన్న నోరు తెరుచుకుని గుర్రు పెడుతున్నాడు. అద్దంలో అది చూసి మా ఆయన రేడియో కట్టేశారు.

తిరిగొచ్చేటప్పుడు, సంతోషం పట్టలేక కాబోలు, ఈయన హైవే మీద కాస్త వేగం పెంచారు. మెత్తటి కారు కదా, పడవలా ఊగింది. వెనకనుంచి నాన్న గొంతు, నీరసంగా, కానీ స్పష్టంగా వినిపించింది. "అల్లుడుగోరూ, ఏటా తోలడం? కడుపులో తిప్పతంది. నెమ్మదిగా పోనీండి."

మా ఆయన కారు పక్కకి తీసి ఆపేశారు. స్టీరింగు మీద తల ఆన్చుకున్నారు. ఏడుస్తున్నారేమోనని కంగారుపడ్డాను. నవ్వుతున్నారు. ఆ రోజు సాయంత్రం కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ, యూరియా తూచి ఇస్తూ, మావ తనని తిట్టాడని చెప్పుకున్నారు.

శుక్రవారం దారిలో ఒక టైరు పంక్చరై అరగంట నిలిచిపోయాం. మళ్లీ దాక్కుంటాడేమో, మళ్లీ దండం పెడతాడేమో అని నా ప్రాణం నా దగ్గర లేదు. సందు తిరిగేసరికి నాన్న వీధిలోనే నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని, ఆసుపత్రి కాగితాల సంచి చంకలో పెట్టుకుని. కారు పూర్తిగా ఆగకముందే వెనక తలుపు తనే తీసేశాడు.

"ఏటి, ఇంతాలీసం సేసినారు?" అన్నాడు మా ఇద్దరి మీదా విసుక్కుంటూ. "బేగి ఎలిపోదాం, పదండి."