పూలకుండీలో ఐదు చెంచాలు

నా చిన్నప్పుడు మా బడికి సెలవొచ్చిందంటే నాకు ఇంకో బడి తప్పేది కాదు. అప్పట్లో మేము న్యూజెర్సీలో ఉండేవాళ్ళం. యూదుల ఆడపిల్లల కోసం నడిచే ఒక ప్రైవేటు బడిలో మా అమ్మ లెక్కలు చెప్పేది. అక్కడ పొద్దున్నంతా హీబ్రూ, వాళ్ళ ధర్మశాస్త్రం. మధ్యాహ్నం నుంచి లెక్కలు, సైన్సు. ఇండియాలో ఎమ్మెస్సీ చదివిన అమ్మకి మూడేళ్ళు కాళ్ళరిగేలా తిరిగితే దొరికిన ఉద్యోగం అది. అందుకే కారు దిగేముందు ప్రతిసారీ అదే పాట.

"కిచెన్‌లో ఏదీ టచ్ చెయ్యకమ్మా. వాళ్ళ రూల్స్ వాళ్ళకుంటాయి. ఈ జాబ్ పోతే మళ్ళీ నాకెవరిస్తారు?"

ఆ వంటగదిలో పాలవి వేరు, మాంసానివి వేరు. గిన్నెలు వేరు, సింకులు వేరు. నీలం గీత ఉన్న చెంచాలు పాలూ పెరుగులకి, ఎర్ర గీత ఉన్నవి మాంసానికి. దాని ముందు మా అమ్మమ్మ మడి ఏపాటి!

ఆ రోజు నా డబ్బాలో పెరుగన్నం ఉంది, చెంచా లేదు. అమ్మ మీటింగ్‌లో ఉంది. ఎనిమిదేళ్ళదాన్ని, ఆకలికి ఆగలేకపోయాను. వంటగదిలోకి దూరి, చేతికందిన చెంచా తెచ్చుకుని సుబ్బరంగా తిన్నాను. తిరిగి పెట్టబోతుంటే వంటావిడ చూసింది. నేనూ అప్పుడే చూశాను, పెరుగంటిన చెంచా మీద ఎర్ర గీత. నా మూలంగా అమ్మ ఉద్యోగం ఊడిందని భోరుమన్నాను.

ఆవిడ అరవై దాటిన మనిషి, తలకి ఎప్పుడూ గుడ్డ కట్టుకుని ఉండేది. ముందు వెళ్ళి మొహం కడుక్కుని రమ్మంది. వచ్చేసరికి కిటికీలో పూలకుండీ చూపించింది. మట్టిలో నా చెంచాతోపాటు ఇంకో నాలుగు నిలువుగా గుచ్చి ఉన్నాయి. ఇలాంటి పొరపాటు జరిగితే చెంచాని కొన్నాళ్ళు మట్టిలో ఉంచడం వాళ్ళ ఇళ్ళల్లో అమ్మమ్మల నాటి అలవాటట.

"మిగతావి మా పిల్లల పనే, హనీ. పుట్టినప్పట్నుంచీ రూల్స్ తెలిసినవాళ్ళే!" అంది నవ్వుతూ. నా ఏడుపు ఠక్కున ఆగింది. అమ్మ ఉద్యోగానికేమీ కాలేదు. ఆ బడిలోనే ఇరవై ఏళ్ళు చెప్పింది.

రిటైరైన రోజున అమ్మ అసలు సంగతి చెప్పింది. "మీటింగ్ అయి వచ్చి డోర్ దగ్గరే ఉన్నానే అప్పుడు. నువ్వు ఫేస్ వాష్‌కి వెళ్ళగానే ఆవిడ డ్రాయర్‌లోంచి ఇంకో నాలుగు తీసి గుచ్చేసింది."

తన నియమాన్ని ఆవిడ వీసమెత్తు సడలించలేదు. నా చెంచా మట్టిలోకి వెళ్ళాల్సిందే, వెళ్ళింది. కాకపోతే దాన్ని ఒంటరిగా పంపలేదు.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలెవరైనా తప్పు చేసి బిక్కమొహం వేసుకుని నిలబడితే, ముందు నేను చేసిన తప్పులు నాలుగు ఏకరువు పెడతాను. అందులో రెండు అప్పటికప్పుడు అల్లినవే. ఆ అబద్ధాలు నేర్పిన ఆ వంటింటి తల్లికి మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను.