అద్దంలో చూసిన సినిమాలు

మా వీధి చివర క్షవరాల షాపు నడిపే మనిషిని అందరూ సెన్సారు అంటారు. అతని కత్తెర జుట్టు మీదకన్నా సినిమాల మీదే ఎక్కువ ఆడుతుందని ఆ పేరు. రెండు కుర్చీలు, ఎదురుగా గోడంతా అద్దం, వెనక గోడకి చెక్క మీద టీవీ. ఒక కుర్చీ సెన్సారుది, రెండోది వాళ్ల అన్నయ్యది. పెళ్లి చేసుకోని సెన్సారు అన్నా వదినల దగ్గరే ఉండేవాడు. పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా పని కాబట్టి, అన్నదమ్ములిద్దరికీ సినిమా అంటే అద్దంలో కనబడిందే. సినిమా హాలు మొహం ఎరగరు.

సెన్సారు లెక్కలో కథ ఇంటర్వెల్ దాకానే. తర్వాతదంతా నిర్మాత బంధువుల కోసం తీస్తారు. సీరియల్లో ఎవరైనా అద్దం ముందు నిలబడి ఏడిస్తే అతను నమ్మడు. "అద్దం ముందుకొచ్చినవాడు ముందు జుట్టు సర్దుకుంటాడు తాతగారూ, ఏడుపు తర్వాత" అనేవాడు నాతో. అన్నయ్యది పాటల పక్షం. పల్లవి నచ్చితే కత్తి గాల్లోనే ఆగిపోయేది. గడ్డం మీద సబ్బు ఎండిపోయినా చరణం అయ్యేదాకా కదిలేవాడు కాదు. ఒకసారి ఏదో క్లైమాక్సు మీద ఇద్దరూ గొడవపడి ఒకాయన్ని సగం మీసంతో పంపేశారు. ఆయన అలాగే ఆఫీసుకి వెళ్తే, వారం తిరిగేసరికి ఆఫీసంతా సగం మీసాలే. మేనేజరుకి మీసం మొలవదు పాపం, బదిలీ పెట్టుకున్నాడు. అబద్ధమాడితే నాలుక నల్లబడుతుందని మా కాన్వెంటు సిస్టర్లు చెప్పేవారు. కావాలంటే నాది చూపిస్తాను.

అన్నదమ్ములిద్దరూ ఒప్పుకునే మాట ఒక్కటే ఉండేది. గొప్ప హీరోలందరిదీ ఎడంచేతి వాటం అని. కస్టమరు పాపిడి ఎటు తియ్యాలో ఏనాడూ పొరబడనివాళ్లకి, టీవీ కూడా అదే అద్దంలో ఉందన్న సంగతి తట్టలేదు. మేమూ చెప్పలేదు. పీక మీద కత్తి పెట్టుకుని వాదించేదెవరు?

వానలు మొదలయ్యాక అన్నయ్య గుండె ఆగి పోయాడు. సెన్సారు ఏడవలేదు. కొన్నాళ్లకి షాపు తీసి, టీవీ పెట్టి, పనిలో పడ్డాడు. ఎవరు ఏ సినిమా గురించి అడిగినా "బాగుంది" అనేవాడు. సీరియల్ బాగుంది. పాట బాగుంది. వార్తలు కూడా బాగున్నాయి.

నేను ఊరుకోలేక ఒకరోజు కెలికాను. "ఏమోయ్, ఆ కొత్త హీరో ఏడుస్తుంటే ఆవులిస్తున్నట్టు లేదూ?"

"బాగానే చేశాడు తాతగారూ. తల కాస్త వంచండి."

వంచాను.

అప్పుడే వాళ్ల వదిన వచ్చింది. ఆ ఇల్లు నడిచేది రెండు కుర్చీల మీద. రెండోది ఖాళీగా ఉందని జనం పక్క వీధి షాపుకి మళ్లుతున్నారు. మార్కెట్ అవతల నుంచి ఒక పనివాడు వస్తానన్నాడట.

"రేపు పని చూపిస్తాడు. సరేనా మరిదీ?"

"సరే."

"ఆ సరే నాకొద్దు. సీరియల్ బాగుందన్నట్టు అంటావేం? మీ అన్నయ్య నిలబడ్డ చోట ఇంకొకడు నిలబడతాడు. వద్దంటే వద్దను, నేనే పంపేస్తా, ఇంకో దారి చూసుకుంటా. తర్వాత ఆ మనిషిని చూసి నువ్వు లోపల్లోపల కుళ్లిపోతే నేను చూడలేను. ఏదో ఒకటి నిజంగా చెప్పు."

సెన్సారు తువ్వాలు మడత పెట్టాడు. విప్పి మళ్లీ పెట్టాడు. "నీ ఇష్టం వదినా."

"నా ఇష్టం నేనెరుగుదును. రేపు సాయంత్రం వస్తా, నీది చెప్పు."

మర్నాడు కొత్తాయన వచ్చాడు. సన్నగా, నలభై దాటినవాడు. ఊరికే చూద్దామని నేను గడ్డం లేకపోయినా ఆయన కుర్చీలో కూర్చున్నాను. చెయ్యి తేలిక. టీవీలో ఫైటు మొదలవగానే కత్తి పక్కన పెట్టి పూర్తిగా వెనక్కి తిరిగాడు.

"అద్దంలో చూడొచ్చుగా" అన్నాడు సెన్సారు.

"అద్దంలో అంతా తిరగబడుతుంది కదన్నా. హీరో ఎడం చేత్తో గుద్దుతున్నట్టుంటే ఏం బాగుంటుంది?"

సెన్సారు అద్దంలోకి చూశాడు. మెల్లగా వెనక్కి తిరిగి టీవీ చూశాడు. మళ్లీ అద్దం చూశాడు. నేను నిద్రపోతున్నట్టు కళ్లు మూసి, ఒకటి కాస్త తెరిచాను.

"కుడి చెయ్యే" అన్నాడతను. నవ్వలేదు, కోప్పడలేదు. తల రెండో కుర్చీ వైపు తిప్పి "అన్న..." అన్నాడు. అక్కడ కొత్తాయన ఉన్నాడు.

"ఏంటన్నా?"

"ఏం లేదు. తాతగారి చెవి దగ్గర సబ్బుంది."

సాయంత్రం వదిన వచ్చేసరికి కొత్తాయన చేతులు కడుక్కుంటున్నాడు. నేనింకా బెంచీ మీదే ఉన్నాను. నాకు ఇంట్లో పనేముంది?

"చెప్పు మరిదీ."

"పని మంచిదే" అన్నాడు సెన్సారు, నేల మీది జుట్టు చిమ్ముతూ. "మధ్యాహ్నమంతా ఆ జోకుల ప్రోగ్రాముకి నవ్వుతూ కూర్చున్నాడు. దానికి నవ్వేవాడితో రోజంతా ఎలా వేగాలో ఏమో."

"అన్నా, అది బాగానే ఉంటుంది కదా?" అన్నాడు కొత్తాయన.

"దానికన్నా మా తాతగారి అబద్ధాలు నయం."

వదిన అతని మొహంలోకి చూసింది. అక్కడ ఏమీ లేదు. పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది.

"అయితే పంపెయ్యనా?"

"పంపెయ్యమన్లేదు. రేపట్నుంచి రమ్మను. అన్నయ్య చోట మాత్రం కాదు. అక్కడ నేను నిలబడతా. నాది అతనికివ్వు."

చీపురు మూల పెట్టి, తన కత్తెరలు, దువ్వెనలు అన్నయ్య అర మీదికి ఒక్కొక్కటే చేర్చడం మొదలుపెట్టాడు. వదిన తువ్వాలు తీసుకుని అర తుడిచింది. కొత్తాయన తన సంచీ సెన్సారు పాత కుర్చీ వైపు జరుపుకున్నాడు. టీవీలో ప్రకటనలు వస్తున్నాయి.